రెండో మనిషి ఎందుకు చనిపోతున్నాడు?

ఈ వార్త ఎప్పుడు వచ్చినా దాదాపు ఒకే అచ్చులో వస్తుంది. ట్యాంకులోకో, సంపులోకో, మ్యాన్‌హోల్‌లోకో ఒకరు దిగారు, స్పృహ తప్పి పడిపోయారు. కాపాడదామని దిగిన మరో ఇద్దరు కూడా మరణించారు. కింద విషవాయువు పీల్చడమే కారణమని ఒక వాక్యం, విచారణకు ఆదేశించారని ఇంకో వాక్యం ఉంటాయి. మర్నాటికి అది పాత వార్త అయిపోతుంది.

నన్ను ఎక్కువగా వేధించేది ఆ రెండో మనిషి చావు. మొదటి మనిషి దిగేటప్పటికి లోపల ఏముందో ఎవరికీ తెలియదు అనుకుందాం. రెండో మనిషి దిగేటప్పుడు మాత్రం అందరికీ తెలుసు. బలంగా ఉన్న ఒక మనిషి కళ్ళముందే కూలిపోయాడు. అయినా రెండో మనిషి దిగాడు, అతని వెనక మూడో మనిషి దిగాడు. ఇది ఎక్కడో ఒకచోట జరిగే వింత కూడా కాదు. అమెరికాలో వృత్తి భద్రత మీద పరిశోధనలు చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లో ఇచ్చిన హెచ్చరికలో, ఇరుకుగా మూసి ఉన్న చోట్ల జరిగే మరణాల్లో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళవేనని రాసింది. ఆ లెక్కన సగం కంటే ఎక్కువ చావులు ప్రమాదం బయటపడ్డాక జరిగినవే.

దీనికి రెండు రకాల స్పందనలు వింటుంటాను. ఒకటి, వాళ్ళను వీరులుగా కీర్తించడం. రెండోది, శిక్షణ లేక చనిపోయారని తేల్చేయడం. రెండూ అసలు విషయాన్ని పక్కన పెడతాయని నా అభిప్రాయం. తోటి మనిషి పడిపోతే పరుగెత్తడం మనిషి స్వభావం. ముక్కుకు వాసన తగలకపోతే ఏమీ లేదనుకోవడం కూడా స్వభావమే. మామూలు జీవితంలో మనల్ని కాపాడే ఈ రెండు అలవాట్లూ కొన్ని విషవాయువుల దగ్గర ప్రాణం తీస్తాయి. కాబట్టి అలాంటి వాయువు ఉన్న చోట భద్రత అంతా ఆ క్షణంలో మనిషి తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంటే, అక్కడ భద్రత లేనట్టే.

నేను చాలా ఏళ్ళు గ్యాస్ శుద్ధి చేసే యూనిట్లలో, తర్వాత భద్రత విభాగంలో పనిచేశాను. అందుకే నాకు బాగా తెలిసిన ఒక్క వాయువు గురించే రాస్తాను. దాని పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. ప్లాంట్లలో పూర్తి పేరు ఎవరూ వాడరు, హెచ్‌టూఎస్ అంటారు.

దానికి రంగు లేదు. గాలి కంటే కొంచెం బరువు, సుమారు 1.2 రెట్లు. అందుకే గుంటల్లో, కాలువల్లో, ట్యాంకుల అడుగున పేరుకుంటుంది. అలాగని ఎప్పుడూ నేల మీదే ఉంటుందనుకోకూడదు. వేడిగా వస్తేనో, ఒత్తిడితో చిమ్మితేనో మనిషి ముఖం ఎత్తుకూ, ఇంకా పైకీ వస్తుంది. ముడిచమురులో, సహజవాయువులో అది సహజంగానే ఉంటుంది. రిఫైనరీలో ఇంధనం నుంచి గంధకాన్ని తీసేటప్పుడు తయారవుతుంది. గాలి ఆడని చోట మురుగు నిలిచిపోతే అందులోని సల్ఫేట్ల నుంచి బ్యాక్టీరియా దాన్ని పుట్టిస్తుంది. డ్రైనేజీలు, పశువుల పేడ నిలవచేసే గుంటలు, చేపలు కుళ్ళిన ఓడ అరలు, కాగితం మిల్లు గుజ్జు తొట్లు, ఇవన్నీ ఆ కోవలోవే. తోళ్ళ కర్మాగారాల్లో వెంట్రుకలు రాల్చడానికి సోడియం సల్ఫైడ్ వాడతారు. ఆ నీళ్ళూ యాసిడ్ ఉన్న నీళ్ళూ ఒకే కాలువలో కలిస్తే చాలు, అక్కడికక్కడే పుడుతుంది. గ్యాస్ సిలిండరు గానీ పైపు గానీ కంటికి కనిపించని చోట ప్రమాదం జరిగిందంటే చాలాసార్లు దారి ఇదే.

కుళ్ళిన గుడ్ల వాసన అని పాఠ్యపుస్తకాల్లో చదువుకుంటాం. ఆ ఒక్క వాక్యం ఎంతమంది ప్రాణాలకు ముప్పు తెచ్చిందో అనిపిస్తుంది నాకు. వాసన నిజమే. పది లక్షల భాగాల గాలిలో ఒక భాగాన్ని ఒక పీపీఎం అంటారు కదా, అందులో వందో వంతు ఉన్నా కొందరి ముక్కు పసిగడుతుంది. ఇంత చురుకైన ముక్కు ఉండగా గ్యాస్‌ను కొలిచి మోగే డిటెక్టర్ ఎందుకన్న ధీమా అక్కడే మొదలవుతుంది. కానీ 100 పీపీఎం దగ్గర రెండు నుంచి పదిహేను నిమిషాల్లో వాసన తెలియడం ఆగిపోతుంది. గాఢత ఇంకా పెరిగితే దాదాపు వెంటనే ఆగిపోతుంది. అదే 100 పీపీఎంను నియోష్ ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉన్న స్థాయిగా లెక్కగట్టింది. అంటే ముక్కు ఏ హద్దు దగ్గర హెచ్చరించాలో సరిగ్గా ఆ హద్దు దగ్గరే పనిచేయడం మానేస్తుంది.

ఆపైన జరిగేది వేగంగా జరుగుతుంది. 500 నుంచి 700 పీపీఎం మధ్య అయిదు నిమిషాల్లో మనిషి తూలి పడిపోతాడు, అరగంట నుంచి గంట లోపు ప్రాణం పోవచ్చు. 700 దాటి 1000 వైపు వెళ్తే ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ పోతుంది, ఊపిరి ఆగుతుంది. 1000 పీపీఎం అంటే పెద్ద సంఖ్యలా వినిపిస్తుంది గానీ అది గాలిలో 0.1 శాతం మాత్రమే. శుద్ధి చేయని గ్యాస్ పైపుల్లో, ముడిచమురు ట్యాంకు పై ఖాళీలో అంతకు ఎన్నో రెట్లు ఉండొచ్చు. లోపల జరిగేది ఏమిటంటే, కణాలు ఆక్సిజన్‌ను వాడుకోవడానికి అవసరమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమును ఈ వాయువు పట్టేస్తుంది. సైనైడ్ చేసే పని కూడా ఇదే. రక్తంలో ఆక్సిజన్ ఉన్నా కణం దాన్ని తీసుకోలేదు. మెదడులో శ్వాసను నడిపే కేంద్రం మూగబోతుంది. అందుకే ఆ మనిషి దగ్గడు, కేక వేయడు, మెట్ల వైపు పాకడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. పైన ఉన్నవాళ్ళకు కాలు జారి పడ్డాడేమో, కళ్ళు తిరిగాయేమో అనిపించేది అందుకే.

ఒక షట్‌డౌన్‌లో, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు, మంచి అనుభవం ఉన్న ఫిట్టర్ ఒకాయన పైపులను కలిపే ఫ్లాంజి బోల్టులు వదులు చేస్తూ నాతో, "ఇందాక వాసన వచ్చింది సార్, ఇప్పుడు పోయింది. లైను ఖాళీ అయిపోయినట్టుంది" అన్నారు. అప్పటికే ఆయన కాలరుకు ఉన్న డిటెక్టర్ మోగుతోంది. పక్కన కంప్రెసర్ హోరులో ఆయనకు వినపడలేదు, లైటు మిణుకుమిణుకుమనడం గడ్డం కింద ఉండటం వల్ల కనపడలేదు. చేయి పట్టుకుని పక్కకు, గాలి వచ్చే వైపుకు తీసుకెళ్ళాం. లైను అడుగు వంపులో ద్రవం ఇంకా మిగిలే ఉంది. ఆయనకు పని తెలియదని ఎవరూ అనలేరు. ఆయన ముక్కు ఆయనకు తప్పు సమాచారం ఇచ్చింది. బతికున్నంత కాలం సరిగ్గా చెప్పిన ముక్కు అది, నమ్మకుండా ఎలా ఉంటారు? ఆ రోజు తర్వాత నేను భద్రత సమావేశాల్లో కుళ్ళిన గుడ్ల వాసన గురించి చెప్పడం మానేశాను. వాసన వచ్చినా రాకపోయినా ఒకటే, నంబరు ఎంత అని అడగండి అని మాత్రమే చెప్పేవాణ్ణి.

ఇక పరుగు సంగతి. 2017 జనవరిలో ఫ్లోరిడాలోని కీ లార్గోలో రోడ్డు కుంగుతోందని చూడటానికి ఒక కార్మికుడు మ్యాన్‌హోల్‌లోకి దిగాడు. అతని నుంచి జవాబు లేకపోతే రెండో అతను దిగాడు, తర్వాత మూడో అతను. ముగ్గురూ చనిపోయారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకతను వీపున ఉన్న గాలి సిలిండరుతో ఆ కంతలో పట్టలేదు. సిలిండరు తీసేసి దిగాడు. అతను కూడా లోపల స్పృహ తప్పాడు, ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రికి చేరాడు. ఈ చివరి మనిషి గురించి ఆలోచించండి. ఇలాంటి ప్రమాదాలు ఎదుర్కోవడమే అతని వృత్తి. ఊపిరి పరికరం లేకుండా దిగకూడదని అతనికి తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా దిగాడంటే, అవగాహన పెంచితే సరిపోతుందన్న వాదన ఎంతవరకు నిలుస్తుంది?

దాదాపు మూడేళ్ళ తర్వాత, 2019 అక్టోబరులో టెక్సాస్‌లోని ఒడెస్సా దగ్గర చమురు బావుల్లోకి నీళ్ళు పంపే స్టేషన్లో రాత్రిపూట ఒక పంపు దగ్గర అలారం వచ్చింది. డ్యూటీలో ఉన్న ఉద్యోగి ఒంటరిగా వెళ్ళి చూశాడు. పంపుకు కరెంటు ఆపి తాళం వేయలేదు. అది దానంతట అదే మొదలై హెచ్‌టూఎస్ కలిసిన నీటిని బయటకు చిమ్మింది. అతను అక్కడే చనిపోయాడు. ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చిన భార్య కూడా అదే గ్యాస్‌కు బలైంది. అమెరికా రసాయన భద్రత బోర్డు విచారణలో తేలిన విషయాలు చదివితే మనసు కలుక్కుమంటుంది. అతని ఒంటి మీద వ్యక్తిగత డిటెక్టర్ లేదు. స్టేషన్‌కు అమర్చిన గ్యాస్ అలారం వ్యవస్థ పనిచేయడం లేదు. ఆ అలారం ఒక్కటి మోగి ఉంటే, బయట ఎర్రదీపం ఒక్కటి వెలిగి ఉంటే, ఆమె ఆ గదిలో అడుగుపెట్టి ఉండేది కాదేమో. ఆమెకు ఏ శిక్షణా ఉండే అవకాశమే లేదు. ఆమెను ఆపాల్సింది గోడ మీద ఉన్న యంత్రం.

ఈ మాట అన్నప్పుడల్లా, "అయితే లోపల పడ్డవాణ్ణి అలా చూస్తూ ఊరుకోవాలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి దిగకండి అన్న ఒక్క మాటతో జవాబు చెప్పడం మోసం అవుతుంది. ఎందుకంటే లోపల పడ్డ మనిషికి నిజంగానే టైము లేదు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ నాలుగైదు నిమిషాల లెక్కలో ఏమేం పడతాయో చూద్దాం.

పడిపోయాడని గుర్తించడానికి కొంత పోతుంది. ఫోన్ చేసి, ఎక్కడో చెప్పి, అగ్నిమాపక దళం గేటు దాకా వచ్చేసరికి ఆ నిమిషాలు ఎప్పుడో అయిపోతాయి. ప్లాంటులోనే రెస్క్యూ టీం ఉందనుకుందాం. బీఏ సెట్, అంటే వీపున మోసే సొంత గాలి సిలిండరు, బాగా సాధన ఉన్న మనిషి వేసుకోవడానికి నిమిషం పడుతుంది. ఆ పెట్టె పక్క బ్లాకులో ఉంటే తేవడానికి ఇంకో రెండు. మాస్కు ముఖానికి అతుక్కోవాలి, గడ్డం ఉంటే అతుక్కోదు. అప్పుడు దిగాలి, వెతకాలి, స్పృహలేని మనిషిని ఇరుకు కంతలోంచి పైకి లాగాలి. స్పృహలేని మనిషి శరీరం ఎంత బరువో మోసినవాళ్ళకే తెలుస్తుంది. ఇద్దరు బలమైన మనుషులు నిలువు నిచ్చెన మీద నుంచి ఎత్తలేరు. ఈ మొత్తం అయిదు నిమిషాల్లో పూర్తవుతుందని నమ్మబలికే ఎమర్జెన్సీ ప్లాను కాగితం మీదే ఉంటుంది.

అందుకని నిజంగా పనిచేసే ఏర్పాటు ఒక్కటే. దిగే ముందే మనిషి ఒంటికి ఫుల్ బాడీ హార్నెస్, అంటే ఒళ్ళంతా పట్టి ఉంచే పట్టీలు తొడిగి, దాని తాడును పైన ముక్కాలి పీటకు ఉన్న చేతి వించికి, అంటే తిప్పితే తాడును చుట్టుకునే యంత్రానికి, తగిలించి ఉంచడం. అతను కూలిపోయిన క్షణంలో పైన ఉన్న మనిషి హ్యాండిల్ తిప్పడం మొదలుపెడతాడు. ఎవరూ దిగరు. పైన ఉన్నవాడికి చేతినిండా పని ఉంటుంది, ఇది కూడా ముఖ్యమే. చేతులు ఖాళీగా ఉన్న మనిషిని ఆగు అంటే ఆగడు, తిప్పాల్సిన హ్యాండిల్ ఉంటే తిప్పుతాడు. పరుగెత్తాలన్న ఆ తపనకు సరైన దారి ముందే వేసి ఉంచడం అంటే నా ఉద్దేశం ఇదే. అడ్డుపైపులు, అరలు ఉన్న వెసెల్‌లో, అంటే ప్లాంటులోని మూసిన పెద్ద పాత్రలో, తాడు చిక్కుకుపోతుంది, నిజమే. అలాంటి చోట బీఏ సెట్లు వేసుకుని, తయారుగా, కంత పక్కనే రెస్క్యూ మనుషులు నిలబడి ఉండాలి. అంతమందిని ఖాళీగా నిలబెట్టడం ఖర్చు అంటే, ఆ పనికి అసలు ఖర్చు అదే. అంత పెట్టలేనప్పుడు మనిషిని లోపలికి పంపే స్తోమత ఆ సంస్థకు లేదని అర్థం.

ఫిల్టర్ మాస్కుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. డబ్బీ లాంటి క్యాట్రిడ్జ్ బిగించిన మాస్కు ఇలాంటి లోపలి పనికి పనికిరాదు. అది గాలిని వడకడుతుంది తప్ప గాలిని ఇవ్వదు. ఆక్సిజన్ తక్కువైన చోట, 100 పీపీఎం దాటే వీలున్న చోట అది మనిషికి ఇచ్చేది ధైర్యం ఒక్కటే. గుడ్డ తడిపి ముక్కుకు కట్టుకోవడం సంగతి చెప్పనక్కర్లేదు.

గ్యాస్ టెస్ట్ గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. ఇక్కడ జరిగే పొరపాట్లు చాలా మర్యాదగా కనిపిస్తాయి, కాగితాల్లో అన్నీ సరిగ్గానే ఉంటాయి. లోపలికి దిగడానికి ఇచ్చే అనుమతి కాగితం, అంటే పర్మిట్ మీద ఆక్సిజన్ 20.9 శాతం, మండే వాయువు సున్నా, హెచ్‌టూఎస్ సున్నా అని రాసి సంతకం ఉంటుంది. మనిషి దిగి పారతో అడుగున ఉన్న బురదను కదుపుతాడు. బురదలో, కింది నీటిలో కరిగి కూర్చున్న గ్యాస్ ఒక్కసారిగా బయటకు వస్తుంది. పొద్దున టెస్ట్ చేసిన మనిషి అబద్ధం రాయలేదు. అతను కొలిచింది కదలని గాలిని. పని మొదలయ్యాక ఆ గాలి లేదు. అందుకే పని ముందు చేసిన టెస్ట్ ఆ నిమిషానికి మాత్రమే చెల్లుతుంది, మనిషి లోపల ఉన్నంతసేపూ మీటరు అతని ఒంటి మీద, ముక్కుకు జానెడు దూరంలో, ఆన్‌లో ఉండాలి.

ఆ మొదటి టెస్ట్ కూడా ఎలా చేశారన్నది చూడాలి. కంత దగ్గర మీటరు పెట్టి చదివితే కంత దగ్గరి గాలి తెలుస్తుంది. గొట్టం దించి పైన, మధ్యలో, అడుగున వేర్వేరుగా కొలవాలి. గొట్టం పొడవును బట్టి లోపలి గాలి మీటరు దాకా రావడానికి, సెన్సరు స్పందించడానికి టైము పడుతుంది. ఆగకుండా గొట్టం లాగేసుకుంటే ఎన్నిసార్లు కొలిచినా సున్నాయే కనిపిస్తుంది. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువు, ఆ తర్వాత విషవాయువు అన్న వరస ఊరికే పెట్టలేదు. మండే వాయువును కొలిచే మామూలు సెన్సరు సరిగ్గా పనిచేయాలంటే తగినంత ఆక్సిజన్ ఉండాలి. పైగా ఆ సెన్సరును ఇదే హెచ్‌టూఎస్ పాడుచేస్తుంది. దెబ్బతిన్న సెన్సరు సున్నా చూపిస్తుంది, శుభ్రమైన గాలిలో ఉన్న సెన్సరూ సున్నా చూపిస్తుంది. రెంటికీ తేడా తెలియాలంటే తెలిసిన గాఢత ఉన్న గ్యాస్‌ను మీటరు మీదికి వదిలి అది మోగుతుందో లేదో చూడాలి. దాన్నే బంప్ టెస్ట్ అంటారు. నిమిషం పని. ప్రతిరోజూ వాడే ముందు చేయమని చెబితే, నిన్న చేశాం కదా సార్ అంటారు. నిన్న సాయంత్రం ఆ మీటరు ఏ సంచీలో ఎన్నిసార్లు నేలకు తగిలిందో ఎవరికి తెలుసు?

ఫ్యాను పెట్టి గాలి పంపడం మంచిదే, దాని గొట్టం అడుగు దాకా దించితేనే మంచిది. పైన ఊది వదిలేస్తే పైనున్న గాలే తిరుగుతుంది. ఈ గ్యాస్ గాలిలో సుమారు 4 శాతం నుంచి 45 శాతం దాకా ఉన్నప్పుడు మండుతుంది కూడా. అంటే బాగా చిక్కగా నిండిన చోటికి గాలి పంపితే, పలచబడే దారిలో అది పేలే స్థితిని దాటుకునే వెళ్తుంది. అప్పుడు నిప్పురవ్వ వచ్చే ఫ్యాను ఉండకూడదు. రిఫైనరీ ట్యాంకుల గోడలకు పట్టిన ఐరన్ సల్ఫైడ్ పొర మరీ ప్రమాదం. గాలి తగిలి ఆరితే దానంతట అదే వేడెక్కి అంటుకుంటుంది. అందుకే తడిపి ఉంచుతారు.

ఇంత రాశాక, ఇవన్నీ రెండో వరస రక్షణలని ఒప్పుకోవాలి. మొదట అడగాల్సిన ప్రశ్న పర్మిట్ కాగితంలో ఎక్కడా ఉండదు. అసలు మనిషి ఎందుకు దిగాలి? బయటి నుంచి నీటి జెట్‌తో కడగలేమా? కెమెరా దించి చూడలేమా? పంపును అడుగున కాకుండా పైన పెట్టి ఉంటే మరమ్మతుకు దిగాల్సిన పనే ఉండేది కాదు కదా? ముడిచమురు ట్యాంకు పైకెక్కి మూత తెరిచి లోతు కొలిచే బదులు కింద నుంచే కొలిచే సాధనం ఎందుకు పెట్టలేదు? శాంపిల్ సీసాను గాలిలో తెరిచి పట్టే బదులు మూసి ఉన్న శాంపిల్ పాయింట్ ఎందుకు లేదు? ఇవి డిజైన్ చేసేటప్పుడు అడిగితే తక్కువ ఖర్చుతో పోతాయి. ఇరవై ఏళ్ళ తర్వాత అడిగితే బడ్జెట్ లేదంటారు. అప్పుడు ఆ లోటును ఒక మనిషి ఊపిరితిత్తులతో పూడుస్తారు.

నిర్ణయాధికారం గురించి చెప్పకుండా ఉండలేను. 2003 డిసెంబరు 23న చైనాలోని చోంగ్‌చింగ్ ప్రాంతంలో, కైషియన్ కౌంటీలో ఒక గ్యాస్ బావి అదుపు తప్పింది. అందులో హెచ్‌టూఎస్ ఎక్కువ. 243 మంది చనిపోయారు, వాళ్ళలో చాలామంది చుట్టుపక్కల గ్రామస్థులు. అలాంటి బావిని అదుపు చేయలేకపోతే వెలిగించేయడమే దారి. మండితే అది సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అదీ విషమే గానీ దీనంతగా మనిషిని నిలువునా కూల్చదు, వేడికి పైకి వెళ్ళి చెదిరిపోతుంది. ఆ బావిని వెలిగించింది దాదాపు 18 గంటల తర్వాత. వెలిగిస్తే బావి పోతుంది, దాన్ని తవ్వే రిగ్గు పోతుంది. అంత నష్టం తెచ్చే నిర్ణయం అర్ధరాత్రి బావి దగ్గరున్న మనిషి తీసుకోగలగాలంటే, ఆ అధికారం అతనికి ఉందని, తర్వాత ఎవరూ ప్రశ్నించరని ముందే రాసి చేతికివ్వాలి. అది రాసి లేని చోట ప్రతి మనిషీ తన పైవాడి ఫోన్ కోసం ఎదురుచూస్తాడు.

తక్కువ మోతాదులో రోజూ పీల్చేవాళ్ళ గురించి పత్రికలు అసలే రాయవు. కళ్ళు మండటం, వెలుగు చూడలేకపోవడం, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. 1700లోనే బెర్నార్డినో రామజ్జిని అనే ఇటలీ వైద్యుడు మరుగుదొడ్ల గుంటలు శుభ్రం చేసేవాళ్ళ కళ్ళు ఎలా దెబ్బతింటున్నాయో గమనించి నమోదు చేశాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. ఒకసారి కూలిపోయి బతికి బయటపడ్డవాళ్ళకు కూడా మతిమరుపు, ఏకాగ్రత తగ్గడం, తూలడం మిగిలిపోవచ్చు. ఆసుపత్రి నుంచి వచ్చేశాడు, బాగానే ఉన్నాడు అని ఫైలు మూసేయకుండా వాళ్ళను నెలల తరబడి పరీక్షిస్తూ ఉండాలి. అదీ కాక ఈ గ్యాస్ పీల్చిన కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంటుంది కాబట్టి, లేచి కూర్చున్నాడు కదా అని అదే రోజు ఇంటికి పంపడం తప్పు.

ఇక నిర్లక్ష్యం అన్న మాట. విచారణ నివేదికల్లో అది ఎక్కువగా చనిపోయినవాడి పేరు పక్కనే కనిపిస్తుంది. డిటెక్టర్ పెట్టుకోలేదు, పర్మిట్ లేకుండా దిగాడు, చెప్పినా వినలేదు. ఇవి నిజాలే కావొచ్చు. కానీ ప్రశ్నలు అక్కడే ఆగిపోతున్నాయి. ఆ రోజు స్టోర్‌లో పనిచేసే డిటెక్టర్లు ఎన్ని ఉన్నాయి? పర్మిట్ రావడానికి ఎంతసేపు పడుతుంది, ఆలస్యమైతే ఎవరి మీద అరుస్తారు? రూల్సు రాసిన భాష అతనికి చదవడం వచ్చా? ఇలాంటి లోపలి పనులు ఎక్కువగా కాంట్రాక్టు మనుషులకే ఇస్తారు. ఆ ట్యాంకు చరిత్ర ప్లాంటు ఉద్యోగులకు తెలుసు, దిగేవాడికి తెలియదు. నిన్ననే వచ్చాడు, రేపు ఇంకోచోటికి వెళ్తాడు. ఆ గుంటలో కిందటి ఏడాది మీటరు మోగిందన్న సంగతి అతనికి చెప్పే బాధ్యత ఎవరిదో రాసి ఉందా? ఇవేవీ అడగకుండా నిర్లక్ష్యం అని రాసిన నివేదికను నేను నివేదికగా లెక్కచేయను.

చివరిగా స్టాండ్‌బై మనిషి గురించి. లోపల పని జరుగుతున్నంతసేపూ కంత దగ్గర నిలబడి చూసే మనిషి అతను. నేను చూసిన చోట్ల చాలావరకు ఆ పనికి జట్టులో అందరికంటే కొత్తవాణ్ణి పెడతారు. పని రానివాడు కదా, నిలబడటమే కదా అని. కాసేపటికి స్పానర్ తెమ్మని పంపుతారు, పైపు కాస్త పట్టుకోమంటారు. అతను ఎదురు చెప్పలేడు. లోపలి మనిషి ప్రాణం నిలబడేది ఇతని మీదే. మీటరు చదవడం, మాటకు జవాబు రాకపోతే వెంటనే పని ఆపించడం, వించి తిప్పడం, లోపలికి ఉరికే మూడో మనిషిని భుజం పట్టి ఆపడం అన్నీ ఇతని పనే. ఆ చివరిది అన్నిటికంటే కష్టం. ఎందుకంటే ఉరికేవాడు ఒక్కోసారి లోపల పడ్డవాడి అన్నో, కొడుకో అయి ఉంటాడు. అతన్ని ఆపడానికి మాటకు బరువున్న మనిషి కావాలి. జట్టులో అందరికంటే అనుభవం ఉన్న మనిషినే అక్కడ నిలబెట్టాలి, జీతం కూడా దానికి తగ్గట్టు ఇవ్వాలి. ఆ మనిషి అక్కడ ఉన్నంతసేపు అతనికి ఇంకో పని చెప్పే హక్కు ప్లాంటు మేనేజరుకు కూడా ఉండకూడదు, ఆ మాట పర్మిట్ మీదే అచ్చు వేయాలి.